ఇంటి పద్దు: పరదేశంలో చేతిఖర్చు

పూర్వం మన ఇళ్ళలో పెట్టెలు సర్దుకున్నారంటే పుట్టింటికో, తిరుపతికో అనుకునేవారు. ఇప్పుడు మద్రాసు నుంచి, బెంగుళూరు నుంచి, బరంపురం నుంచి, షోలాపురం నుంచి కూడ ఆ పెట్టెలు డల్లాసుకూ, సింగపూరుకూ పోతున్నవి. కోడలి పురుటికని ఒకరు, మనుమడి అక్షరాభ్యాసానికని ఒకరు. ఊరగాయ ఎంత పట్టుకుపోవాలో మన సోదరీమణులకు ఒకరు చెప్పనక్కరలేదు. చేతిఖర్చుకు డబ్బు ఎట్లా పట్టుకుపోవాలన్నది మాత్రం ప్రయాణం ముందునాటి దాకా ఎవరికీ తోచదు. "అక్కడ అబ్బాయి ఉన్నాడుగా!" అనేస్తారు.

మేము ఈ మాటకు ఒప్పుకోము. అబ్బాయి ఉన్నాడు, బంగారంవంటివాడే. ఐనా ఆరు నెలలు ఉండబోయే తల్లి మనుమరాలికి ఒక గౌను కొనాలన్నా, గుడి హుండీలో నాలుగు డాలర్లు వేయాలన్నా కొడుకు ముఖమో, కోడలి ముఖమో చూడవలసిరావడం బాగుండదు. జన్మంతా పోపులపెట్టెలో తన డబ్బు తాను దాచుకున్న ఇల్లాలికి అది ఎంత కష్టమో ఆమె బయటకు చెప్పదు. అందుచేత తండ్రిగారి పేర ఒక కార్డు, తల్లిగారి పేర వేరే ఒక కార్డు ఉండాలని మా అభిప్రాయము.

ఏ కార్డు అంటారా? ముందుగా డబ్బు నింపుకుని తీసుకుపోయే ఫారెక్సు కార్డు. 1970 ప్రాంతాలలో పై చదువులకు వెళ్ళిన కుర్రవాళ్ళు జేబులో 8 డాలర్లతో విమానం ఎక్కిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండే ఉంటుంది. ఆంక్షలు సడలిన తరువాత మనవారు ప్రయాణపు చెక్కులు పట్టుకువెళ్ళేవారు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కంపెనీ 1891లో మొదలుపెట్టిన పద్ధతి అది. కొన్నచోట ఒక సంతకం, అంగడివాని ఎదుట మరొక సంతకం. ఆ చెక్కులు ఇంచుమించు కనుమరుగైనవి. వాటి పని ఇప్పుడు ఈ కార్డు చేస్తున్నది. బ్యాంకులు ఇస్తవి, రిజర్వు బ్యాంకు అనుమతి పొందిన ద్రవ్యమారకపు కంపెనీలూ ఇస్తవి. పాసుపోర్టు, పాన్ కార్డు, టిక్కెట్టు చూపవలసియుంటుంది.

రూపాయిలు కట్టిన నాటి ధరకే డాలర్లు కార్డులో పడతవి. తరువాత రూపాయి పడిపోయినా మన డాలర్లు తగ్గవు. రూపాయి బలపడితే ఆ లాభం మనకు రాదు. కార్డు పోతే పోయేది అందులో ఉన్నంతే. ఇక్కడి ఖాతాలోని పింఛను జోలికి ఎవరూ పోలేరు. మేము ఈ కార్డును మెచ్చుకునేది ముఖ్యంగా ఇందుకే.

ఇక చాలమంది నష్టపోయేచోటు చెబుతాము. కార్డు అనగానే డాలర్లు నింపించుకుంటారు, ప్రయాణమేమో సింగపూరుకు! అక్కడ గీచినప్పుడల్లా అమెరికా డాలరును సింగపూరు డాలరుగా మార్చినందుకు చాల కార్డుల మీద నూటికి 2 మొదలు 3½ వరకు పట్టుకుంటారు. 1,000 డాలర్ల ఖర్చుకు 35 డాలర్లు ఊరికే పోవచ్చును. ఏ దేశంలో ఖర్చుపెడతామో ఆ దేశపు నాణెమే నింపించుకోవాలి. ఒకే కార్డులో పలు దేశాల నాణెములు వేసుకునే వీలూ ఉన్నది. నేపాలు, భూటాను యాత్రలకు ఈ గొడవే లేదు. ఆ రెండు దేశాల ప్రయాణానికి మన దేశంలో విదేశీ ద్రవ్యము ఇవ్వరు.

అంగడిలో యంత్రం "రూపాయిలలో కడతారా?" అని ఆప్యాయంగా అడుగుతుంది. మన రూపాయి అని ముచ్చటపడి ఒప్పుకోరాదు. వాళ్ళు వేసే మారకపు ధర మనకు చేటు. ఆ దేశపు నాణెములోనే కడతామని చెప్పాలి. ఏ.టి.ఎం.లో నోట్లు తీసిన ప్రతిసారీ రుసుము ఉంటుంది. నిల్వ ఎంతో చూచుకున్నందుకు కూడ కొన్ని కార్డులపై కోత ఉన్నది. కాబట్టి పదేసి డాలర్లు పదిసార్లు తీయకండి. హోటలు గది తీసుకునేటప్పుడు ఈ కార్డు ఇస్తే పూచీగా కొంత సొమ్ము పట్టి ఉంచుతారు, అది విడుదల కావడానికి రోజులు పడుతుంది. అందుకు అబ్బాయి క్రెడిట్ కార్డు వాడుకోవచ్చు. దానికి మాకు అభ్యంతరం లేదు.

పిన్ను అంకెలు కార్డు వెనుకనే వ్రాసుకునేవారున్నారు. అంతకంటె కొంగున నోట్లు ముడివేసుకోవడం నయం. చాల బ్యాంకులు జతగా రెండవ కార్డు ఇస్తవి. ఒకటి చేతిసంచిలో ఉంటే రెండవది పెట్టెలో ఉండాలి. డబ్బు చాలకపోతే అక్కడి నుంచే మళ్ళీ నింపుకోవచ్చు. ఐతే ఓ.టి.పి. మన ఊరి ఫోను నంబరుకే వస్తుంది కనుక ఆ సిమ్ము అక్కడ పనిచేసేటట్లు బయలుదేరకముందే చూచుకోవాలి.

నోట్ల రూపంలో సాధారణంగా ఒక ప్రయాణానికి 3,000 డాలర్లకు మించి కొననివ్వరు. టాక్సీకి, టీకి నూరో రెండు నూర్లో చాలును. ఒక ఆర్థిక సంవత్సరంలో మొత్తం 10 లక్షల రూపాయిలు దాటితేనే, దాటిన దానిపై నూటికి 20 చొప్పున పన్ను ముందుగా పట్టుకుంటారు. ఈ హద్దు 2025 ఏప్రిల్ నుంచి వచ్చినది. చేతిఖర్చు అంతదూరం పోదు.

తిరిగివచ్చాక మిగిలినదాన్ని 180 రోజులలోగా మార్చుకోవాలి. 2,000 డాలర్ల వరకు మన దగ్గరే ఉంచుకోవచ్చును. మార్చితే అమ్మిన ధర కంటె తక్కువకే కొంటారు. అందుకని, రెండవ మనుమడి కబురు త్వరలోనే వస్తుందనుకునేవారు ఆ డాలర్లను కార్డులోనే ఉండనీయవచ్చు. కార్డు మీద గడువు తేదీ మాత్రం ఒకసారి చూచుకోండి.