పండుగ పూట బొమ్మల భీముడు

“పండుగనాడు పూజకు రమ్మంటే పిల్లలు టీవీ ముందు నుంచి లేవడం లేదు. భీముడు వస్తున్నాడు, అయిపోయాక వస్తామంటున్నారు. ఇది దోషమా స్వామీ?” ఇటీవలి కాలంలో ఆలయాలకు వచ్చే తల్లులు అర్చకులను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. ఖమ్మం పట్టణంలోనూ అడుగుతున్నారు, భద్రాద్రి దారిలో అడవి అంచున ఉన్న పల్లెల్లోనూ అడుగుతున్నారు. ప్రశ్న చిన్నదే. కానీ దాని వెనుక ఉన్న బెంగ చిన్నది కాదు. మన కథలు మన పిల్లలకు ఇకమీదట ఎవరు చెబుతారన్నదే ఆ బెంగ.

ముందుగా ఆ బొమ్మల భీముని సంగతి తెలుసుకొందాం. తెలియకుండా నిందించడం ధర్మం కాదు. ‘ఛోటా భీమ్’ అనే ఈ హాస్య సాహస బొమ్మల కథ 2008లో పోగో చానెల్‌లో మొదలైంది. దీనిని తయారు చేసింది ఎక్కడో విదేశాల్లో కాదు, మన హైదరాబాదులోనే. రాజీవ్ చిలక అనే తెలుగువారు 2001లో స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ దీనికి పుట్టినిల్లు. ఢోలక్‌పూర్ అనే కల్పిత రాజ్యం, అందులో భీముడనే బాలుడు, చుట్కీ, రాజు, జగ్గు అనే కోతి, ఎప్పుడూ ఓడిపోయే కాలియా. లడ్డూ తింటే భీమునికి బలం వస్తుంది, దుష్టుడు ఓడిపోతాడు. 2019లో అదే భీముణ్ణి పాకే పసివాడిగా మార్చి ‘మైటీ లిటిల్ భీమ్’ పేరుతో నెట్‌ఫ్లిక్స్‌లో విడుదల చేశారు. అందులో మాటలు ఉండవు. ఏ దేశపు పసివాడైనా చూసి నవ్వుకోవచ్చు. దానికే పండుగ ప్రత్యేక భాగాలు కూడా వచ్చాయి. 2019లో దీపావళికి, 2020లో హోలీకి, 2021లో సంక్రాంతి గాలిపటాల పండుగకు. దీపాలు, అలంకారాలు, మిఠాయిలు, వాటి నడుమ పసివాని అల్లరి. చూడముచ్చటగానే ఉంటాయి.

ఈ విషయంలో పెద్దలు రెండు పక్షాలుగా ఉన్నారు. పురాణ పురుషుణ్ణి నవ్వులాటకు వాడుకోవడం అపచారం, టీవీ కట్టేయవలసిందేనన్నది ఒక పక్షం. ఈ వంకనైనా పిల్లలకు భీముడు, కృష్ణుడు అనే పేర్లు తెలుస్తున్నాయి కదా, అదే పదివేలన్నది రెండవ పక్షం. నా దృష్టిలో రెండూ సగం సగం మాటలే.

మొదటి పక్షానికి నా మనవి ఇది. నవ్వు మన సంప్రదాయానికి పరాయిది కాదు. తెర మీద బొమ్మ ఆడటం అంతకన్నా పరాయిది కాదు. రంగనాథ రామాయణం ఆధారంగా రాత్రంతా తోలుబొమ్మలాట ఆడిన జాతి మనది. ఆ తెర మీద సీతారాముల పక్కనే కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు కూడా వచ్చి ఊరి జనాన్ని కడుపుబ్బ నవ్వించేవారు. వ్యాసభగవానుడు కూడా నవ్వును దూరం పెట్టలేదు. ఏకచక్రపురంలో బకాసురునికి పంపిన బండెడు అన్నాన్ని భీముడు తానే తింటూ కూర్చున్నాడు. రాక్షసుడు వచ్చి వీపు మీద రెండు చేతులా గుద్దుతున్నా తల తిప్పకుండా తింటూనే ఉన్నాడు. ఆ ఘట్టం వింటూ నవ్వని వారెవరు? కాబట్టి హాస్యం ఉన్నదన్న ఒక్క కారణంతో బొమ్మల కథను తప్పుపట్టలేము.

మరి రెండవ పక్షానికి నా మనవి ఏమిటి? పేరు తెలిసినంత మాత్రాన కథ తెలిసినట్లు కాదు. ఢోలక్‌పూర్ భీముడు పాండవుడు కాడు. తయారు చేసినవారు మహాభారతం నుంచి పేరును, బలాన్ని, ఆకలిని మాత్రమే తీసుకొన్నారు. మిగిలినది వారి కల్పన. అది కల్పన అని పిల్లవానికి ఎవరూ చెప్పకపోతే, భీముడంటే లడ్డూ తిని గెలిచే బాలుడేనన్నది వాని మనసులో స్థిరపడుతుంది. బొమ్మల కథల్లో బాల భీముడు, బాల కృష్ణుడు ఒకచోట ఆడుకొంటారు. వ్యాస భారతంలో శ్రీకృష్ణుడు పాండవుల ఎదుటికి వచ్చి పలకరించేది ద్రౌపదీ స్వయంవరం తరువాత, వారు తలదాచుకొన్న కుమ్మరి ఇంట. అంత గొప్ప కలయిక విలువ పిల్లవానికి తెలియాలంటే, వారిద్దరూ చిన్ననాటి ఆటల నేస్తాలు కారని ముందు తెలియాలి.

పోయేది వివరాలు మాత్రమే కాదు, కథలోని ప్రాణం. బకాసురుని కథనే తీసుకోండి. భీముడు అక్కడికి ఎందుకు వెళ్లాడు? తమకు తలదాచుకోను చోటిచ్చిన బ్రాహ్మణ కుటుంబానికి ఆనాడు వంతు వచ్చింది. ఆ ఇంటి ఏడుపు విన్న కుంతి, ఆశ్రయమిచ్చిన వారి రుణం తీర్చుకోవాలని తన కొడుకునే పంపింది. అన్నం తినడం వల్ల భీముడు గొప్పవాడు కాలేదు. అన్నం పెట్టిన ఇంటిని కాపాడినందుకు గొప్పవాడైనాడు. లడ్డూ నోట్లో పడగానే బలం వచ్చే కథలో ఈ రుణం మాట కనబడదు.

భీముని ఆకలికి కూడా మన పురాణాలు ఒక పాఠం ముడివేశాయి. ఆయన పేరే వృకోదరుడు. ఏకాదశినాడు ఇంటిల్లిపాదీ ఉపవాసం ఉంటే తాను మాత్రం ఉండలేకపోతున్నానని ఆయన వ్యాసుని వద్ద మొరపెట్టుకొన్నాడు. జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి ఒక్కనాడైనా నీరు కూడా ముట్టకుండా ఉండమని వ్యాసుడు ఆదేశించాడు. అదే నిర్జలైకాదశి. తిండిపోతు అని పేరుపడిన వాడే మండువేసవిలో నీళ్లు కూడా తాగకుండా ఒకరోజు నిలబడ్డాడు. మిఠాయి కోసం మారాం చేసే పిల్లవానికి ఇంతకంటె దగ్గరి కథ ఏమున్నది? అలాగే సౌగంధిక పుష్పం కోసం వెళ్లినప్పుడు దారికి అడ్డంగా పడుకొన్న ముసలి వానరం తోకను భీముడు కదపలేకపోయాడు. ఆ వానరం తన అన్న హనుమంతుడేనని తెలిసి చేతులు జోడించాడు. బలవంతుడు కూడా ఒకచోట ఓడిపోవాలి, తలవంచాలి. ఎప్పుడూ గెలిచే బొమ్మల వీరుడు నేర్పలేని పాఠం ఇది.

మన ప్రాంతంవారికి ఈ విషయంలో మరొక బాధ్యత ఉన్నది. భీముడు మనకు పుస్తకంలోని వాడు మాత్రమే కాడు. రామదాసుగా కీర్తి పొందిన కంచర్ల గోపన్న పుట్టిన నేలకొండపల్లిలో విరాటరాజు పేరుతో పిలిచే దిబ్బలు, కీచకగుండం ఉన్నాయి. పాండవులు అజ్ఞాతవాసం గడిపినది ఇక్కడేనని తరతరాలుగా మనవారి నమ్మకం. ఆ కొలువులో భీముడు వలలుడనే పేరుతో వంటవాడుగా గరిటె పట్టుకొన్నాడు. ద్రౌపదికి అవమానం జరిగితే అదే చేతులతో నర్తనశాలలో కీచకుణ్ణి మట్టుబెట్టాడు. ఆ విరాటపర్వంతోనే తిక్కన సోమయాజి తన భారత రచన ఆరంభించాడు. 1963లో వచ్చిన ‘నర్తనశాల’ చలనచిత్రాన్ని మన తరం ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు.

అడవి లోపలికి వెళితే భీముడు ఇంకా దగ్గరవాడు. వనవాస కాలంలో వేటకు వచ్చిన భీముడు ఒక వనకన్యను వివాహమాడగా కలిగిన సంతతే తామని కోయలు చెప్పుకొనేవారు. 19వ శతాబ్దంలో దుమ్ముగూడెంలో నివసించిన క్రైస్తవ మతప్రచారకుడు జాన్ కెయిన్ ఆ కథను రాసిపెట్టాడు. పరాయి మతస్థుడు విని రాసుకొన్న కథను మన ఇళ్లలో మనం చెప్పుకోకపోతే ఎట్లా? తాతముత్తాతల నాడు తమ మూలపురుషుడని చెప్పుకొన్న వీరుణ్ణి ఏజెన్సీ పల్లెలోని కోయ పిల్లవాడు నేడు ఢోలక్‌పూర్ వానిగా మాత్రమే ఎరుగుతున్నాడంటే, ఆ లోపం బొమ్మలు గీసిన వారిది కాదు. కథ చెప్పవలసిన నోళ్లు మూగబోవడమే లోపం.

ఇప్పుడు పండుగ ప్రత్యేక భాగాల విషయానికి వద్దాం. వాటిలో చూపే పండుగ అందరి పండుగ. అందరిదీ కావడం వల్లనే అది ఏ ఒక్క ఇంటిదీ కాదు. దీపావళి అంటే అందులో దీపాలు, తీపి వంటకాలు. మన ఇంట దీపావళి అంటే నరక చతుర్దశి తెల్లవారుజామున నువ్వులనూనె తలంటు, ఇంటి ఆడపడుచు ఇచ్చే హారతి, కేదారేశ్వర వ్రతం, చేతికి కట్టుకొనే నోము దారం. సంక్రాంతి అంటే అందులో గాలిపటం. మనకు భోగిమంట, పసివారి తలపై పోసే భోగిపళ్లు, గొబ్బెమ్మలు, ఉత్తరాయణ పుణ్యకాలంలో పితృతర్పణం. హోలీ అంటే అందులో రంగులు. భద్రాద్రిలో ఆ ఫాల్గుణ పౌర్ణమినాడే శ్రీరామనవమి కల్యాణానికి తలంబ్రాలు కలిపే పని మొదలవుతుంది. మరెక్కడా లేని విధంగా మన రామయ్య తలంబ్రాలలో గులాలు కలుపుతారు. అందుకే అవి ఎర్రగా ఉంటాయి. తెర మీద గులాలు చల్లుకొనే పసివాణ్ణి చూసి నవ్విన మన పిల్లవానికి, అదే గులాలు సీతమ్మవారి పెళ్లి తలంబ్రాలలో ఎందుకున్నదో చెప్పేవారుంటే ఆ నవ్వు భక్తిగా మారడానికి ఎంతసేపు పడుతుంది?

ఇక్కడే అసలు విషయమున్నది. ఒకప్పుడు భద్రాద్రి కల్యాణాన్ని ఆకాశవాణిలో ఉషశ్రీ వ్యాఖ్యానంతో వినేవాళ్లం. అందులో మాట ఉండేది, బొమ్మ ఉండేది కాదు. రేడియో చుట్టూ కూర్చున్న ఇంటిల్లిపాదీ తమ తమ మనసుల్లోనే కల్యాణ మండపాన్ని నిర్మించుకొనేవారు. ఇప్పుడు వచ్చిన పసి భీముని కథలో బొమ్మ ఉన్నది, మాట లేదు. చాలామంది దీనిని లోపంగా చూస్తారు. నేను దీనిని అవకాశంగా చూడమంటాను. ఆ మౌనం మన కోసమే ఖాళీగా ఉన్నది. అమ్మమ్మ, నాయనమ్మ, తాతయ్య పక్కన కూర్చొని ఆ ఖాళీని నింపవచ్చు. ఎవరూ కూర్చోకపోతే పిల్లవాని చేతిలో బొమ్మ ఒక్కటే మిగులుతుంది.

టీవీని శత్రువుగా చూడటానికి మనకు అర్హత కూడా లేదు. 1987లో రామాయణం ధారావాహిక ప్రసారమైనప్పుడు ఆదివారం ఉదయం వీధులు ఖాళీ అయిన సంగతి మరిచిపోలేదు కదా! 2020లో కరోనా కారణంగా భద్రాద్రి కల్యాణం భక్తులు లేకుండా జరిగినప్పుడు ఆ టీవీ ముందే కూర్చొని అక్షతలు చల్లుకొన్నాం. పెట్టె మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. దాని పక్కన ఎవరు కూర్చొన్నారన్నదే ప్రశ్న.

కాబట్టి గృహస్థులకు నేను చెప్పదలచినవి మూడే మూడు మాటలు. మొదటిది, పండుగనాడు దీపారాధన, నైవేద్యం ముందు, బొమ్మలు తరువాత. ఈ క్రమం తప్పనివ్వవద్దు. పిల్లలను కసరి లేపడం కాదు, ముందురోజే చెప్పి ఉంచండి, పూజలో వారికొక పని అప్పగించండి. పువ్వులు కోయడమో, వత్తులు వేయడమో, గంట మోగించడమో. చేతికి పనిచ్చిన పిల్లవాడు పీటల దగ్గర నుంచి కదలడు. రెండవది, పిల్లవాడు బొమ్మలు చూసేటప్పుడు పెద్దలలో ఒక్కరైనా పక్కన కూర్చోండి. నవ్వవలసిన చోట మీరూ నవ్వండి. చివర ఒక్క ప్రశ్న వేయండి: “మన భారతంలో భీముడు ఏం చేశాడో తెలుసా?” అక్కడి నుంచి కథ తనంతట తాను నడుస్తుంది. మూడవది, సెలవుల్లో పిల్లలను నేలకొండపల్లికి, పర్ణశాలకు, ముక్కోటి తెప్పోత్సవానికి తీసుకువెళ్లండి. కథ జరిగిందని చెప్పుకొనే నేల మీద కాలు మోపిన పిల్లవాడు దానిని ఎన్నటికీ మరువడు.

ఈ బొమ్మలను తీర్చిదిద్దే హైదరాబాదు కళాకారులకు కూడా ఒక విన్నపం. మీ చేతిలో ప్రపంచంలోని పసివాళ్ల కళ్లు ఉన్నాయి. ముక్కోటికి ముందురోజు సాయంవేళ గోదావరిలో హంస వాహనంపై సీతారాములు విహరిస్తుంటే ఆ పసి భీముడు గట్టున నిలబడి చూసే కథ ఒకటి రానివ్వండి. లడ్డూ పళ్లెం ఎదుట ఉన్నా ఏకాదశి అని చేయి వెనక్కు తీసుకొనే భీముణ్ణి ఒక్కసారి చూపండి. పిల్లలు నవ్వుతూనే నేర్చుకొంటారు.

పాఠక మహాశయులారా! అడిగిన ప్రశ్నకు సమాధానం ఇది. పండుగనాడు పిల్లలు బొమ్మల భీముణ్ణి చూడటం దోషం కాదు. వారిని ఆ బొమ్మ దగ్గరే ఒంటరిగా వదిలి మన పనుల్లో మనం మునిగిపోవడం దోషం. వచ్చే పండుగనాడు నైవేద్యం అయ్యాక మీ మనవణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకొని, విరటుని వంటశాలలో గరిటె తిప్పిన వలలుని కథ చెప్పి చూడండి.