ఉమ్మి వేరు, తెమడ వేరు



జగిత్యాల జిల్లాలో మల్యాల అనగానే ఎవరికైనా కొండగట్టు అంజన్న జ్ఞాపకం వస్తాడు. కొండగట్టు ఆ మండలంలోనే ఉన్నది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలకు ఇంకొక గుర్తు కూడా ఉన్నది. అక్కడ ఎన్నో ఇళ్లలో ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకులో పొగాకు పోసి బీడీలు చుడతారు. పొగాకు దుమ్ము గొంతులో పడితే దగ్గు రాక మానదు. అందుచేత ఇంట్లో నాయనమ్మ దగ్గుతూంటే, "పొగాకు దగ్గులే, అదే పోతుంది!" అనుకుంటారు. అది నిజమే కావచ్చు. కాని రెండు వారాలైనా పోని దగ్గు క్షయ కూడా కావచ్చు. చెవికి రెండు దగ్గులూ ఒక్కలాగే వినిపిస్తాయి. మరి తేడా తెలిసేదెట్లా?

క్షయను కలిగించే సూక్ష్మజీవిని కనిపెట్టినట్టు 1882 మార్చి 24న బెర్లిన్ నగరంలో రాబర్ట్ కాక్ అనే డాక్టరు ప్రకటించాడు. అది సన్నని పుల్లలాగా ఉంటుంది. దాని పొడవు మిల్లీమీటరులో కొన్ని వేలవ వంతులు మాత్రమే. అది ఎక్కువగా ఊపిరితిత్తులలో కాపురం పెడుతుంది. అక్కడికి వెళ్లి మనం చూడలేం గదా! అందుకని అక్కడినుంచి దగ్గుతో పైకి వచ్చే తెమడను పట్టి పరీక్షిస్తారు.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. ఆస్పత్రిలో చిన్న డబ్బీ ఇచ్చి తెమడ తెమ్మంటే, కొందరు నోట్లో ఊరే ఉమ్మి ఊసి ఇస్తారు. ఉమ్మి నీళ్లలాగా, నురగగా ఉంటుంది. తెమడ చిక్కగా, జిగటగా ఉంటుంది. ఉమ్మి పుట్టేది నోట్లో. తెమడ వచ్చేది ఊపిరితిత్తులనుంచి. పోయినచోటనే వెతుక్కోవాలని పెద్దలు అంటారు. ఉమ్మిలో వెతికితే క్షయ ఉన్నవారికి కూడా "లేదు" అని తేలవచ్చు. అప్పుడు ఆ మనిషి మందు లేక చిక్కిపోతాడు. ఆ దగ్గు ఇంట్లో పిల్లలకూ అంటవచ్చు.

తెమడ ఇచ్చే పద్ధతి ఇది. ముందు మంచినీళ్లతో నోరు పుక్కిలించాలి. ఆరుబయట, పక్కన ఎవరూ లేనిచోట నిలబడాలి. రెండు మూడుసార్లు నిండా గాలి పీల్చి, రొమ్ము లోతునుంచి గట్టిగా దగ్గాలి. వచ్చినదాన్ని డబ్బీలో వేసి, బయట అంటకుండా మూత బిగించాలి. మామూలుగా రెండు డబ్బీలు అడుగుతారు. ఒకటి ఆస్పత్రిలోనే ఇవ్వాలి. రెండోది పొద్దున లేవగానే పట్టాలి. రాత్రంతా చేరిన తెమడ అప్పుడు బాగా వస్తుంది. పేరూ, నంబరూ డబ్బీ మీదనే రాస్తారు, మూత మీద రాయరు. ఎందుకో చెప్పగలరా? మూతలు తారుమారైతే ఒకరి జబ్బు ఇంకొకరి పేర పడుతుంది!

తరవాత తెమడను గాజుపలక మీద పలచగా పూసి, ఎర్రరంగు వేసి, ఆమ్లంతో కడుగుతారు. క్షయ క్రిమికి మైనంలాంటి పొర ఉన్నది. అందుచేత మిగతావాటి రంగు పోయినా దాని రంగు పోదు. ఆపైన నీలిరంగు వేస్తే, నీలిరంగు మధ్య ఎర్రపుల్లలు సూక్ష్మదర్శినిలో కనిపిస్తాయి. అయితే ఒక మిల్లీలీటరు తెమడలో సుమారు 5,000 నుంచి 10,000 క్రిములు ఉంటేగాని ఇట్లా దొరకవు. గోవాలోని ఒక సంస్థ తయారుచేసే ట్రూనాట్ యంత్రం అంతకంటే చాలా కొద్ది క్రిములనైనా పట్టగలదు. కాని ఎంత గొప్ప యంత్రమైనా డబ్బీలో లేనిదాన్ని చూపలేదు!

చంటిపిల్లలకు తెమడ ఉమ్మటం చేతకాదు, మింగేస్తారు. మరి వారి సంగతి ఏమిటి? అవసరమైతే డాక్టర్లు తెల్లవారుజామున, పరగడుపున, ముక్కులోంచి సన్నని గొట్టం పంపి, రాత్రి మింగిన తెమడను కడుపులోనుంచి తీస్తారు.

జబ్బు మారితే వెతికేచోటు కూడా మారుతుంది. కంఠసర్పికి గొంతులోంచి తీస్తారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు, ముక్కు వెనక గొంతుతో కలిసేచోట వెతికారు. మెత్తని కుచ్చు ఉన్న సన్నని పుల్లను ముక్కులో పైకి కాక, అంగిలికి సమాంతరంగా వెనక్కు పోనిచ్చి, మెల్లగా తిప్పి తీసేవారు. దాన్ని ఒక ద్రవంలో ముంచి, చల్లని పెట్టెలో పంపేవారు. ఆ ద్రవం లేకుండా పొడిపుల్లనే పంపినా పరీక్ష చెయ్యవచ్చునని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు చూపారు. 2020 నవంబరులో ఆ పద్ధతికి భారత వైద్య పరిశోధన మండలి అనుమతి ఇచ్చింది.

క్షయ పరీక్షకూ, మందులకూ ప్రభుత్వాస్పత్రిలో డబ్బు తీసుకోరు. మామూలుగా ఆరు నెలలు మందు మానకుండా మింగితే జబ్బు నయమవుతుంది. కాబట్టి మీ ఇంట్లో ఎవరి దగ్గయినా రెండు వారాలు దాటితే, ఆస్పత్రికి వెళ్లమని పోరు పెట్టండి. డబ్బీ తెచ్చుకున్ననాడు, "నాయనమ్మా, ఉమ్మి కాదు, తెమడ!" అని జ్ఞాపకం చెయ్యండి. చెప్పి, మీరు మాత్రం దూరంగా నిలబడండి సుమా!