గొడుగుకు కర్ర అతకాలంటే...

విజిటింగ్ కార్డు మీద గొడుగు బొమ్మ ముచ్చటగా ఉంటుంది. దాన్నే 10 రెట్లు పెంచి ఫ్లెక్సీ కొట్టిస్తే గొడుగు పెద్దదవుతుంది కానీ, కర్ర దారప్పోగులా మిగులుతుంది! కోరల్‌డ్రాలో కొత్తగా బొమ్మలు వేసేవారికి ఎదురయ్యే చిక్కే ఇది.

కారణం ఏమిటంటే, గొడుగు పైభాగం ఒక ఆకారం. కర్ర ఉత్త గీత. గీతకు మందం పైన తొడిగిన చొక్కా లాంటిది. ఆప్షన్లలో ప్రత్యేకంగా టిక్ పెడితే తప్ప, బొమ్మతోపాటు ఆ మందం పెరగదు. రెంటినీ గ్రూప్ చేసినా లాభం లేదు. గ్రూప్ అంటే మూట కట్టడమే, అతకడం కాదు.

అతకాలంటే ముందు గీతను ఆకారంగా మార్చాలి. కర్రను సెలెక్ట్ చేసి కంట్రోల్, షిఫ్ట్, క్యూ మీటలు కలిపి నొక్కాలి. తర్వాత షిఫ్ట్ పట్టుకుని రెంటినీ ఎంచుకుని 'వెల్డ్' క్లిక్ చేస్తే మధ్యలోని అంచులు మాయమై ఒకే బొమ్మ అవుతుంది. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో ఈ పనులకు 'స్ట్రోక్ టు పాత్', 'యూనియన్' ఉన్నాయి. పొరపాటున 'కంబైన్' నొక్కితే మాత్రం ఒకదానిపై ఒకటి పడ్డచోట చిల్లు పడుతుంది.

స్టిక్కర్ కటింగ్‌కైతే వెల్డ్ మరీ ముఖ్యం. యంత్రం బ్లేడు ప్రతి అంచు వెంటా నడుస్తుంది. అతకని బొమ్మ ఇస్తే గొడుగు నుంచి కర్రను కోసి పక్కన పెడుతుంది.

వెల్డ్ అయ్యాక కర్రను సన్నగానో లావుగానో మార్చడం తేలిక కాదు. అందుకే అతకకముందు బొమ్మను మరో ఫైలుగా దాచుకోవాలి.