ప్రభుత్వం ఎంత ఉండాలి? ఎవరి మాట వినాలి?

ప్రభుత్వం చిన్నదైతేనే దేశం ఎదుగుతుందన్న మాట 1991 ఆర్థిక సంస్కరణల నాటి నుంచి వినబడుతూనే ఉంది. సంక్షేమం దండగ అనేవారూ ఉన్నారు. హాస్టల్ విద్యార్థులమైన మాకు ప్రభుత్వ ఖర్చు అంటే బడ్జెట్ పుస్తకంలో అంకె కాదు. మేము తినే కంచం, చదివే పుస్తకం, కప్పుకునే దుప్పటి. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఈ విషయంపై మా అభిప్రాయం చెప్పదలచుకున్నాం.

ముందుగా పరిమాణం సంగతి చూద్దాం. స్వీడన్‌లో ప్రభుత్వం చేసే ఖర్చు ఆ దేశ జాతీయోత్పత్తిలో సుమారు సగం. సింగపూర్‌లో మామూలు సంవత్సరాల్లో ఐదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. రెండూ సంపన్న దేశాలే! కాబట్టి ప్రభుత్వం పెద్దదా, చిన్నదా అన్న ఒక్క కొలతతో అభివృద్ధిని తేల్చలేం. అలాగని ఖర్చు పెరిగితే చాలునని మేము అనడం లేదు. తెచ్చిన అప్పు వడ్డీలకే సరిపోతే పేదవాడికి ఒరిగేదేమీ లేదు. అదే డబ్బు బడికి, తాగునీటికి, ఆసుపత్రికి వెళితే రేపటి సంపాదనకు పెట్టుబడి అవుతుంది. ఈ రోజు హాస్టల్‌లో చదివిన కూలీ బిడ్డ రేపు పన్ను కట్టే పౌరుడవుతాడు. దీన్ని దండగ అని ఎలా అంటారు?

ఇక రెండో ప్రశ్న, ప్రజాస్వామ్యం అభివృద్ధికి అడ్డమా? చాలామంది చైనాను చూపిస్తారు. 1978 తర్వాత చైనా వేగంగా ఎదిగిన మాట నిజమే. కానీ అదే చైనాలో 1959-61 మధ్య వచ్చిన కరువులో కోటి మందికి పైగా చనిపోయారన్నదీ నిజమే. ఎన్నికలు, స్వేచ్ఛగా రాసే పత్రికలు ఉన్న చోట అంతటి కరువు చావులు రావని అమర్త్యసేన్ వివరించారు. ఆర్థికవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. 1996లో రాబర్ట్ బారో ప్రజాస్వామ్యం వల్ల అభివృద్ధికి పెద్దగా మేలు కనబడలేదని రాశారు. 2019లో ఆసెమోగ్లు, నాయుడు, రెస్ట్రెపో, రాబిన్సన్ అనే నలుగురు అందుకు భిన్నంగా తేల్చారు. ప్రజాస్వామ్యంలోకి మారిన దేశాల తలసరి ఆదాయం, మారకుండా ఉంటే ఉండేదానికంటే పాతికేళ్లలో సుమారు 20 శాతం ఎక్కువైందని వారి లెక్క. పెట్టుబడి, చదువు పెరగడం అందుకు కొన్ని కారణాలని వారు చూపారు.

అయితే ఓటు ఒక్కటే సరిపోదు. ఓటు కరువును ఆపింది గానీ అర్ధాకలిని ఆపలేదు. ఐదేళ్లకొకసారి వేలికి సిరా పూయించుకుని ఇంటికి వెళ్లిపోతే ఖర్చు ఎటు పోయిందో అడిగేదెవరు?

1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో దళితులకు, గిరిజనులకు, మహిళలకు స్థానాలు కేటాయించింది. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో మహిళలకు కేటాయించిన పంచాయతీలు తాగునీటిపై ఎక్కువ శ్రద్ధ పెట్టాయని చటోపాధ్యాయ, డుఫ్లో 2004లో చూపించారు. డబ్బు అదే, కుర్చీలో మనిషి మారితే డబ్బు వెళ్లే దారి మారింది.

మన దగ్గర కూడా ఉదాహరణ ఉంది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆ పథకంలో ఉమ్మడి రాష్ట్రం సామాజిక తనిఖీని గట్టిగా నడిపింది. మస్టర్ రోల్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, ఎన్ని రోజులు పనిచేశావు, ఎంత అందింది అని అడిగి, ఆ వివరాలు అందరి ముందూ చదివారు. చదువురాని కూలీ కూడా లేచి అధికారిని ప్రశ్నించగలిగాడు. బయటపడిన అక్రమ సొమ్ములో వెనక్కి వచ్చింది తక్కువే. అడిగే హక్కుతోపాటు తప్పు చేసినవారిపై చర్య కూడా ఉండాలని దీన్నిబట్టి తెలుస్తుంది. 2025 చివర్లో ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం వచ్చింది. పేరు మారినా, అడిగే హక్కు పోకూడదు.

ఈ పని మన హాస్టల్ నుంచే మొదలు కావాలని మా కోరిక. సరుకులు దించేటప్పుడు తూకం దగ్గర ఇద్దరు విద్యార్థులుండాలి. ఈ నెల ఎంతమందికి, ఎంత మెస్ చార్జీ వచ్చిందో నోటీసు బోర్డు మీద రాయాలి. ఇది వార్డెన్ గారిపై అనుమానం కాదు, అందరికీ రక్షణ. ఇక్కడ చదివి నేడు టీచర్లుగా, పంచాయతీ కార్యదర్శులుగా, ఇంజనీర్లుగా పనిచేస్తున్న అన్నలకు, అక్కలకు మా విన్నపం ఒక్కటే. ఇప్పుడు మా ఊళ్లకు ప్రభుత్వం అంటే మీరే. ప్రశ్నించడానికి వచ్చినవారికి కుర్చీ వేయండి, రికార్డు చూపించండి.

ఓటులో సమానత్వం ఇచ్చి, బతుకులో అసమానత మిగిల్చితే ప్రజాస్వామ్యమే ప్రమాదంలో పడుతుందని డాక్టర్ అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. ఆ రెంటికీ మధ్య ఉన్న వంతెనల్లో సంక్షేమ హాస్టల్ ఒకటి. వంతెన ఎంత పొడవుందని కాదు, దాన్ని దాటేవారి మాట వింటున్నారా లేదా అని అడుగుదాం. మిత్రులారా, పద్దెనిమిదేళ్లు నిండగానే ఓటరుగా నమోదవుదాం. సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు గ్రామసభకు వెళ్దాం. వెనక కూర్చోకుండా ముందుకు వచ్చి మాట్లాడుదాం.