ఇంటి లెక్కలు: చేవ్రాలు చేయుటకు ముందు



కూర్మన్నపాలెమునుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినది. ఆమె భర్తగారు అమెరికాలో ఉద్యోగము చేయుచున్నారు. ఆమె పసిబిడ్డతోను అత్తగారితోను ఇచ్చటనే యుండి, ఒక పాఠశాలలో ఉపాధ్యాయినిగా పనిచేయుచున్నది. తల్లి యిచ్చిన చిన్న యింటిమీద కొంత అద్దెయు వచ్చుచున్నది. మొన్న భర్తగారు కొన్ని కాగితములు పంపి, “గుర్తుపెట్టినచోట చేవ్రాలు చేసి పంపుము, మనకు పన్ను తగ్గును” అని చెప్పిరట. “చేయకున్న మావారికి కష్టము తోచును. చేసినచో నాకేమగునో తెలియదు. ఇచ్చటి నా పన్ను లెక్క మారిపోవునా?” అని ఆమె యడుగుచున్నది.

ఇట్టి యిల్లు ఉక్కు కర్మాగారపు వాకిటనున్న ఆ యూర నొక్కటియే కాదు. గల్ఫు దేశములకును, ఓడలమీదికిని, అమెరికాకును పోయినవారి భార్యలు మన విశాఖ ప్రాంతమున పలువురు కలరు. కావున ఈ ప్రత్యుత్తరమును అందరికిని వ్రాయుచున్నాము.

ముందు మన దేశపు సంగతి. ఇచ్చట భార్యాభర్తలు కలిసి ఒకే రిటర్ను వేయు పద్ధతి లేదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమున లేదు. దాని స్థానమున 2026 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు నిర్ణయింపబడిన 2025 నాటి చట్టమునను లేదు. ఎవరి పాను కార్డు వారిది, ఎవరి రిటర్ను వారిది. భర్త దేశాంతరమున నున్నంతమాత్రమున భార్య ప్రవాసి కాదు. సామాన్యముగా ఏప్రిలునుండి మార్చివరకు గల యేడాదిలో 182 దినములుగాని అంతకెక్కువగాని ఇచ్చట నున్నవారు నివాసులు. ఉద్యోగార్థము విదేశమున నుండి, అంతకు తక్కువ దినములు వచ్చిపోవు భర్త సాధారణముగా ప్రవాసి. అచ్చట సంపాదించి అచ్చటనే పుచ్చుకొను జీతముపై ఇచ్చట పన్ను లేదు. భారతదేశమునుండి వచ్చు ఆదాయము 15 లక్షల రూపాయలు మించినవారికి మాత్రము ఈ దినముల లెక్క వేరుగా నుండును.

ఇంటిఖర్చునకు భర్త పంపు సొమ్ము భార్యకు పన్ను వేయదగిన ఆదాయము కాదు. కాని ఆ సొమ్మును ఆమె తనపేర బ్యాంకులో డిపాజిటు చేసినచో, దాని వడ్డీని భర్త ఆదాయములో కలిపి లెక్కింతురు. తన జీతమునుండి దాచుకొన్నదాని వడ్డీ ఆమెదే. ఈ రెండు సొమ్ములను రెండు ఖాతాలలో నుంచుకొన్నచో చిక్కు లేదు.

ఇక అమెరికా సంగతి. అచ్చట ఎంపిక కలదు. దంపతులు కలిసియైనను, విడివిడిగానైనను రిటర్ను వేయవచ్చును. డిసెంబరు 31వ తేదీన వివాహితులైయున్నవారిని ఆ యేడంతయు వివాహితులుగనే యెంతురు. భార్య సముద్రమున కీవల నున్నది గదాయని భర్త అవివాహితుడనని వ్రాసికొనరాదు. ‘ఇంటి పెద్ద’ అను మరియొక పద్దు కలదు గాని, దానికి ఆధారమగు బిడ్డ ఆరు నెలలకు మించి ఆయనయొద్ద నుండవలెను. కూర్మన్నపాలెమున తల్లి యొడిలో నున్న బిడ్డను చూపి ఆ పద్దు పొందుటకు వీలులేదు.

విడిగా వేసినచో భర్తకు 2025వ సంవత్సరపు ఆదాయములో 15,750 డాలర్లు మినహాయింపు. కలిసి వేసినచో ఇరువురికిని 31,500 డాలర్లు. భర్తగారు చూచినది ఈ భేదమునే. అందు తప్పేమియు లేదు. కాని ఇచ్చటనున్న భార్యను చేర్చుకొనవలెనన్న, ఆమెనుకూడ పన్ను విషయమున ఆ దేశపు నివాసిగా నెంచుడని ఇరువురును చేవ్రాలు చేసిన ప్రకటన నొకదానిని రిటర్నునకు జతపరుపవలెను. ఆ సోదరికి వచ్చిన కాగితములలో ఇట్టి ప్రకటన కలదేమో మొదట చూడవలెను. దాని ఫలితములు నాలుగు.

మొదటిది: ఆమె జీతము, అద్దె, వడ్డీ, అమ్మిన సొత్తుపై లాభము, అన్నియు అచ్చట చూపవలెను. ఇచ్చట కట్టిన పన్నునకు అచ్చట తగ్గింపు కోరవచ్చును.

రెండవది: ఈ ఎంపిక ఒక్క యేటితో తీరదు, రద్దు చేయువరకు సాగును. మరుసటి యేడు విడిగా రిటర్ను వేసినను ఆమె ఆదాయము లెక్కలోనే యుండును. ఒకసారి రద్దు చేసిన పిమ్మట ఆ దంపతులు మరల దీనిని ఎంచుకొనుటకు వీలులేదు.

మూడవది: కలిసి వేసిన రిటర్నులో పన్ను బాకీపడినను, తప్పు దొరలినను, ఇరువురును బాధ్యులే. కొన్ని సందర్భములలో భార్య విముక్తి కోరవచ్చును గాని, అది సులభము కాదు.

నాలుగవది: ఆమెకు అచ్చటి పన్ను సంఖ్య కావలెను. అందుకై పాస్పోర్టునుగాని, దాని ధ్రువీకృత ప్రతినిగాని పంపవలసియుండును.

లెక్క ఇట్లు చూడవలెను. ఆమె జీతము, అద్దె కలిపి ఏడాదికి 5,000 డాలర్లకు సమానమనుకొందము. మినహాయింపు 15,750 పెరుగగా ఆదాయము 5,000 మాత్రమే చేరినది. కలిసి వేయుట లాభమే. కాని అదే యేడు ఆమె తల్లి యిచ్చిన యింటిని మంచి ధరకు అమ్మినచో, ఆ లాభమంతయు అచ్చటి లెక్కకెక్కి కథ తలక్రిందులు కావచ్చును. ఈ యమ్మకపు తలంపు భర్తగారికి తెలియకపోవచ్చును, ఆమెకే తెలియును. కనుకనే ఆమెను అడుగక ఈ లెక్క పూర్తికాదు.

ఆమె రెండవ భయమునకు సమాధానము సులభము. అమెరికా కాగితముపై నివాసిగా చేవ్రాలు చేసినంతమాత్రమున ఇచ్చటి స్థితి మారదు. ఆమె పాను కార్డు, ఆమె రిటర్ను ఎప్పటివలెనే యుండును.

కావున, అమ్మా, కాగితములను త్రిప్పి పంపవలదు. చదువక చేవ్రాలును చేయవలదు. భర్తగారిని మూడు సంగతులడుగుము. విడిగా వేసిన పన్నెంత, కలిసి వేసిన పన్నెంత? అందులో నా ఆదాయము ఎంతయని వ్రాసినారు? పూర్తి రిటర్ను ప్రతి నొకటి నాకు పంపుదురా? ఇంటి నమ్మదలచియుంటివేని ఆ మాటయు ఇప్పుడే చెప్పుము. ఇరుదేశముల పన్ను లెరిగిన లెక్కల నిపుణునకు రెండు విధములును చూపింపుమని కోరుము.

అడుగుట అనుమానించుట కాదు. పచారీకొట్టు చీటీనైనను ఒకమారు కూడి చూచుకొనియే గదా మనము డబ్బు చెల్లింతుము! ఏండ్ల తరబడి సాగు ప్రకటనపై పేరు వ్రాయునపుడు అంతపాటి జాగ్రత్త దోషము కాదు. లెక్క తెలిసి చేసిన చేవ్రాలు భర్తకును ధైర్యము నిచ్చును.