ఆ రోజు అమ్మీకి ఛుట్టీ ఉందా?

మన ఖాందాన్లల్ల పిక్నిక్ అంటే ఏంది? మర్దులు, పోరలు వాగుల ఈత కొడతరు. అమ్మీ, ఖాలా, భాబీలు దేగ్ కాడ పొగల కూసుంటరు. ఇంట్ల చేసే బావర్చీఖానా పనే అడివిల చేస్తే అది సైర్ ఎట్లయితది?

పోయిన చలికాలం మేం కరీంనగర్ నుంచి రాయపట్నం కాడ గోదారి దాటి, జన్నారం మీదుగా కడెం పోయినం. 2012లో టైగర్ రిజర్వ్ అయిన కవ్వాల్ అడివి అది. ఇష్టమొచ్చిన కాడ డేరా వేసుకునుడు కుదరదు. అందుకే పొద్దంతా వాగు ఒడ్డున ఉండి, రాత్రి జన్నారంల రూము తీసుకున్నం. ఖీమా, రోటీలు, ఆచార్ ఇంటికాన్నుంచే కట్టుకపోయినం. పొయ్యి ముట్టియ్యలే. అరవై దాటిన మా అమ్మీ నీళ్లల్ల కాళ్లు పెట్టి అసర్ దాకా కూసుంది. "ఇన్నేండ్లు మీతోని వచ్చిన గానీ, వాగును చూడనేలే బేటా" అన్నది. నాకు షరమైంది.

నీళ్ల కాడ హిఫాజత్ కూడా మన జిమ్మేదారీనే. కుంటాల జలపాతం 45 మీటర్ల ఎత్తు నుంచి పడ్తది. కింద గుండాల లోతు తెలువక ఎందరో జవాన్ పిల్లలు పానాలు పోగొట్టుకున్నరు. సెల్ఫీ కోసం జాన్ ఇయ్యొద్దు.

పారే నది ఒడ్డున వజూ చేసినా నీళ్లు ఇస్రాఫ్ చెయ్యొద్దని రసూల్ (స) చెప్పినట్టు రివాయత్ ఉంది. థర్మాకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు వాగుల పారేసి వచ్చే మనకు ఆ మాట యాదికుండాలె.

ఈసారి సఫర్‌కు పోయేముందు ఇంట్ల ఒక్క సవాల్ అడగండి: ఆ రోజు ఔరత్‌లకు ఛుట్టీ ఉందా? లేకుంటే మన దేగ్ మనమే కడుగుదాం.