సున్నా పని ఎవరిది?

ఇరవై కిలోల బిందె నెత్తిన పెట్టుకుని ఒక స్త్రీ చదునైన దారిలో కిలోమీటరు నడిచింది. ఆమె చేసిన పని ఎంత? బడిలో ఫిజిక్సు పాఠం చెప్పే జవాబు: సున్నా. బిందె బదులు పెట్టె, ఆమె బదులు రైల్వే కూలీ ఉన్నా అదే జవాబు. క్లాసంతా నవ్వుతుంది. మాస్టారూ నవ్వి తరవాతి లెక్కకి వెళ్ళిపోతారు.

ఈ సున్నాని చూపించి ‘మగవాళ్ళ సైన్సు మన చాకిరీని లెక్కలోంచి తీసేసింది’ అని మనలో కొందరు అంటూంటారు. సభల్లో చప్పట్లు కూడా పడతాయి. నాకు ఆ మాస్టారితో ఎంత పేచీ ఉందో ఈ మాటతోనూ అంతే ఉంది. సూత్రం తప్పు కాదు. బలాన్ని, ఆ బలం దిశలో జరిగిన స్థానభ్రంశంతో గుణిస్తే పని. బిందెని మోసే బలం పైకి, బిందె కదిలింది ముందుకి. మధ్య కోణం 90 డిగ్రీలు, దాని కొసైన్ సున్నా. అంటే ఆ నిలువు బలం బిందె మీద చేసిన పని సున్నా. ఒక బలం, ఒక వస్తువు - అంతవరకే. దాన్ని కుదించి ‘ఆమె పనేమీ చెయ్యలేదు’ అనడం దగ్గరే మోసం ఉంది. అడుగడుక్కీ ఆమె శరీరం కాస్త లేచి దిగుతుంది. కదలకుండా నిలబడ్డా బరువు మోసే కండరాలు శక్తిని ఖర్చుచేస్తూనే ఉంటాయి, అది వేడిగా పోతుంది. మరి చెమటెందుకు పట్టిందని అడిగే పిల్లకి పాఠంలో జవాబు లేదు.

నీళ్ళు తోడే లెక్క చూద్దాం. బావి లోతు 10 మీటర్లు, చేదకి 10 లీటర్లు. 10 × 9.8 × 10 = 980 జౌళ్ళు. ముప్ఫై చేదలకి 29,400. కిలోకేలరీల్లో చెప్పాలంటే ఏడు! (తాడు, ఖాళీ చేద, గిలక రాపిడి వదిలేశాను.) ఇది నీళ్ళకి చేరిన శక్తి. కండరాలు ఖర్చుపెట్టిన దాంట్లో మహా అయితే నాలుగోవంతు ఇలా పనిగా మారుతుంది కాబట్టి ఆమెకి అయిన ఖర్చు కనీసం ఇరవై ఎనిమిది.

ఈ రెండో లెక్క కొత్తదేం కాదు. బలాన్ని దూరంతో గుణించిన రాశికి ‘పని’ అన్న పేరు 1829లో కొరియోలిస్ పుస్తకంతో స్థిరపడింది. ఆయన వాడిన ఫ్రెంచి మాటకి శ్రమ అనీ, పురిటినొప్పులనీ కూడా అర్థం. కొలవాలనుకున్నది మాత్రం యంత్రాల్ని. అంతకుముందే, 1811 నించి, కార్న్‌వాల్ గనుల్లో ఆవిరి ఇంజన్లు ఎన్ని బొగ్గులకి ఎంత నీరు ఎంత ఎత్తుకి తోడాయో నెలనెలా అచ్చువేసేవారు. ఇంజను తిన్న బొగ్గుకి కూడా పద్దు ఉంది. బిందె మోసే మనిషి లెక్కలో ఆ పద్దు ఎందుకు రాయరు?

2011 జనాభా లెక్కల్లో ఇంటిపని మాత్రమే చేసే స్త్రీ ‘పనిచేయనివారి’లో చేరింది. 2019 కాలవినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపని చేసినవారిలో స్త్రీలు దానికి రోజుకి 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారని తేలింది. ఆ జాబితా తయారుచేసినవాళ్ళెవరూ కొసైన్ పట్టిక చూడలేదు. దానికి న్యూటన్ని తిట్టి ఏం లాభం?

ఫిజిక్సు చెప్పే మిత్రులు మనలోనే ఉన్నారు. సున్నా వచ్చే ఆ లెక్క తీసెయ్యమని అడగను. దాని కింద ఇంకో ప్రశ్న చేర్చండి: ఆ కిలోమీటరు నడకకి ఆమె తిన్న అన్నంలో ఎంత ఖర్చయింది, అది ఎక్కడికి పోయింది?